వాగును తీసి పక్కన పెడతారట

వాగును తీసి పక్కన పెడతారట.
పదకొండు మైళ్ల పొడవునా
రాళ్లతో, నాచుతో, వంపులతో సహా.
అడుగున ఉన్న బొగ్గంతా తోడుకుని
పాతికేళ్లకి మళ్లీ
ఎక్కడిదక్కడ సర్దేస్తారట.

బడి జిమ్‌లో మీటింగు.
బాస్కెట్‌బాల్ స్కోరుబోర్డు ఆర్పడం ఎవరికీ చేతకాక
సున్నా, సున్నా అని వెలుగుతూనే ఉంది రెండు గంటలూ.
ఆంకరేజ్ నుంచి చిన్న విమానంలో దిగినాయన
బూట్లకి మా బురద అంటకుండా
ప్లాస్టిక్ తొడుగులు వేసుకొచ్చాడు.
మర్యాదస్తుడే. కాఫీ తనే పోసుకున్నాడు,
పక్కనున్న అగ్రఫేనా పెద్దమ్మకీ పోసిచ్చాడు.

తెర మీద వాగు ఓ నీలం గీత.
తర్వాతి బొమ్మలో గీత లేదు.
ఆ తర్వాతి దాంట్లో మళ్లీ ఉంది,
మునుపటికంటే చక్కగా, వంపులు తగ్గి.
వాళ్ల కాగితాల్లో దాని పేరు 17-సి.
మేం రెండో వాగు అంటాం,
ఊళ్లోంచి నడిస్తే రెండోది గనక.
తాతల నాటి పేరొకటి ఉంది.
అది సరిగ్గా పలికే నోళ్లు ఇప్పుడు రెండే,
అందులో ఒకటి పళ్లు కట్టించుకోడానికి ఊరు దాటింది.

మాక్సిమ్ లేచి జీతమెంత అనడిగాడు.
ఎవరూ వాణ్ణి వింతగా చూడలేదు.
డీజిల్ డ్రమ్ము ధర అందరికీ తెలుసు,
వాడి పడవ ఇంజను విప్పిన ముక్కలుగా
వంటింటి బల్ల మీదున్న సంగతీ తెలుసు.

పెద్దమ్మ కప్పులోకి చూస్తూ అడిగింది:
"ఈ పాతికేళ్లూ చేపలు ఎక్కడ తలదాచుకుంటాయి నాయనా?"
ఆయన నవ్వలేదు. రాసుకున్నాడు.
ఇంకో బొమ్మ వేశాడు.

దాని మీద ఒకటే అంకె:
నాలుగువేల మూడువందల పన్నెండు.
వెండి సాల్మన్లు, ఒక వేసవికి, లెక్క తేలినవి.
తవ్వకం ముగిశాక
ఇంతకు ఒక్కటీ తగ్గకుండా చూసే పూచీ తమదట.

ఆ లెక్క నాది.

రెండేళ్ల కిందట, గంటకి పంతొమ్మిది డాలర్లు.
ఏదో పరిశోధన అన్నారు, ఎవరిదని నేనడగలేదు.
వాగుకి అడ్డంగా కంచె, మధ్యలో ఒక సందు,
సందు కింద తెల్లటి పలక.
పలక మీద నీడ జారితే బొటనవేలితో నొక్కు.
ఎలుగు వస్తే రేకుడబ్బా వాయించు, పోయాక మళ్లీ నొక్కు.
ఆ డబ్బుతో కొన్న ఫ్రీజరు
ఇప్పటికీ అమ్మ గదిలో గురకపెడుతోంది.

ఆగస్టులో ఓ మధ్యాహ్నం కునుకు పట్టింది.
లేచేసరికి వాన, మడ్డినీళ్లు, పలక కనబడదు.
ఎన్ని వెళ్లాయో, అసలు వెళ్లాయో లేదో.
నలభై నొక్కాను వరసగా,
ఉల్లిపాయ తరిగినంత తేలిగ్గా.
ఆ నలభయ్యీ ఉన్నాయి తెర మీద.
లేని చేపలకీ పూచీ దొరికింది.
నా షిఫ్టు అయ్యాక
చీకట్లో ఎదురీదినవి మాత్రం
ఎవరి పద్దులోనూ లేవు.

లేచి చెప్పాల్సింది నేనే.
మడత కుర్చీలో కోటు అంచు ఇరుక్కుందని
దాన్ని లాగుతూ కూర్చున్నాను.
ఈలోగా కుర్చీలన్నీ మడిచేశారు.
తొడుగులు విప్పి జిమ్ చెత్తబుట్టలో పడేసి
ఆయన విమానం ఎక్కాడు.

ఇంటికి పోకుండా వాగు దాకా నడిచాను.
కంచె ఎప్పుడో తీసేశారు,
రెండు మేకులు మిగిలాయి, తుప్పు పట్టి.
నీళ్లు మోకాలి లోతు.
ముక్కు వంకర తిరిగి, ఎర్రబారిన ఒంటితో
ఒక ఆలస్యపు చేప
రాయి చాటున ఊపిరి కూడదీసుకుంటోంది.

జేబులో నా బొటనవేలు
దానంతటదే కదిలింది.