తలుపు చెక్క మీద నౌపడా

పాత తలుపు చెక్క మీద నౌపడా కట్టాను.
కొలత తప్పలేదు, అంగుళానికి ఏడడుగులు.
రంపప్పొట్టులో పసుపూ నీలిమందూ కలిపితే వరిచేలు.
ఉప్పు మడుల్లో మాత్రం నిజం ఉప్పే, అక్కడిదే.

తవిటినాయుడొచ్చాడు. ఇరవైయేళ్ళు పాయింట్లు మార్చిన చెయ్యి
మడుల మీద ఆడించి,
"ఇంత తెలుపేట్రా? బురద కలుపు.
ప్లాట్‌ఫారం మీద ఆ మనిషికి సంచేదీ?
ఒట్టి చేతుల్తో ఎక్కడికెల్తాడు?"

బురద కలిపాను.
సంచి కుట్టాను, గోరంత.

ఇంజనే.
పాతపట్నం తీర్థంలో కొన్న రేకు బొమ్మ.
ఎర్ర ఒళ్ళు, పసుప్పచ్చ చక్రాలు, వీపున కీ,
పొగగొట్టం స్టేషను కప్పుకి తగుల్తుంది.
మసిరంగు పుయ్యబోయి రెండుసార్లు
కుంచె కడిగేసుకున్నాను.

"తిప్పు" అన్నాడు.
గిర్రున బయల్దేరి
టెక్కలి మలుపు ఎక్కకముందే
కీ అయిపోయి, కిర్రుమని నిలబడింది.

నవ్వుతాడనుకున్నాను.
వాడు వంగి చిటికెనవేలితో వెనకనుంచి నెడుతూ,
"అచ్చం ఇక్కడే ఆగిపోయీదిరా,
దిగీసి బీడీలు ముట్టించుకునీవోలం."

రంగు డబ్బాకి మూత పెట్టాను.
సంచి మనిషిని ప్లాట్‌ఫారం నుంచి పీకి
మలుపులో, ఇంజను పక్కన
దింపాను.