కన్ను విచ్చిన కాయ

అచ్చంపేట డిపోల చేరిన కొత్తల
హాజీపూర్ మూలమలుపు కాడ
టికెట్ల పెట్టెతో సహా పోయి
ఓ పెద్దమనిషి ఒళ్లో పడ్డ.
బస్సంత నవ్వింది.
మొయిజ్ భాయ్ అద్దంల నుంచి చూసి
"కడ్డీ పట్టుకుంటే చిల్లరెట్లిస్తవమ్మా,
కాళ్లతోని పట్టుకోవాలె" అన్నడు.

కాళ్లతోని పట్టుకునుడు రావడానికి
రెండేండ్లు పట్టింది.

డిండి దాటినంక కొంచెం దూరం
ఎక్కేటోళ్లుండరు, దిగేటోళ్లుండరు.
ఆ కాసేపట్ల
ఎస్సార్ కాగితం ఎనుక రాసుకునేదాన్ని.
గతుకు వచ్చిన కాడ అక్షరం ఎగిరేది.
ఇప్పటికీ నా దస్తూరి చూసి
ఏ రోడ్డు మీద రాసిన్నో చెప్పగలను.

మొదటి కవిత
తెల్ల కాగితం మీద ఎత్తి రాసి
తిరుగు టపాకు స్టాంపులంటించి పంపిన.
నలభై రోజులకు
నా కవరు నా దగ్గరికే వచ్చింది,
పాసు చెల్లదని నడిమిట్ల దింపేసిన
బడిపిలగాని తీరు.

రెండోది వచ్చింది. ఐదోది వచ్చింది.
పదకొండోదాని మీద మాత్రం
ఎర్రసిరాతోని ఒక ముక్క:
"మాటలెక్కువైనవి. నిలబడ చోటు లేదు."

కోపమొచ్చింది.
నా బస్సు చూసిండా ఆయన?
యాభై సీట్లల్ల తొంభై మందిని,
మేకపిల్లల్ని, యూరియా బస్తాల్ని
ఇరికించుకొని పోయేదాన్ని,
నాకు చెప్తడా చోటు సంగతి!

ఆ రాత్రి క్యాష్ కట్టి
రెస్టు రూముల పండుకొని మల్ల చదివితే
నిజమే,
ఫుట్‌బోర్డు మీద ఏలాడుతున్నయ్ విశేషణాలు.
దింపుడు మొదలువెట్టిన.
ఒక్కొక్కటి బతిమాలేది:
"వచ్చే స్టేజీల దిగుతమక్కా."

దసరా ముందర
రెండు గంపల సీతాఫలాలతోని
బక్కమ్మ ఎక్కింది.
ఒక కాయ తీసి ఒత్తబోతే
చెయ్యి మీద కొట్టింది.
"దానికింక కండ్లిచ్చలే.
కండ్లిచ్చకముందు తెంపితే
గడ్డిల వెట్టు, బియ్యంల వెట్టు,
నల్ల రాయైతది గని పండు గాదు బిడ్డా."
"మరెందుకు తెంపినవ్?"
"నేను గాదు, నా మనుమడు.
వానికి ఆత్రం."

నా సంచిలున్న పదకొండు కవర్లు
ఒకదానికొకటి ఒరుసుకున్నయ్.

టికెట్ల పెట్టె పోయి మిషన్లు వచ్చినయ్.
సమ్మె వచ్చింది. దినమంత ఇంట్లనే,
ఇగ రాసుడే రాసుడనుకున్న.
ఒక్క వాక్యం పుట్టలే.
గోడకు ఒరిగి కూసున్న మనిషికి
కాళ్లతోని పట్టుకునే పనేముంటది?

పన్నెండో ఏట
ముప్పై ఒక్క పంక్తులల్ల తొమ్మిది మిగిలినయ్.
ఆ తొమ్మిదే అచ్చయినయ్,
ఒక మాసపత్రిక అరవై రెండో పేజీల,
ఎరువుల ప్రకటనకు మీద.
అండాలు అని నా పేరు,
అచ్చుల 'అందాలు' అయింది.
నవ్వాలో ఏడ్వాలో తెల్వక
ఆ పేజీకి మూడు సార్లు మొకం చూపిచ్చిన.

"ఎంతిచ్చిండ్రు?" అన్నడు మొయిజ్ భాయ్.
"ఏమియ్యలే."
"టికెట్ ఎనుక రాయించుకోకపోయినవా,
చిల్లర బాకీ అని."

బక్కమ్మకు చదువు రాదు.
ఇంజను మోతకు మీదికెల్లి
గొంతు లేపి చదివిన.
కండ్లు మూసుకొని ఇన్నది, నడుమ ఆపింది.
"ఇది నా మాట గాదు?"
"నీదే."
"అట్లయితే ఇయ్యాల టికెట్ నువ్వే కొట్టుకో."

అప్పటికింక ఆడోళ్లకు బస్సు ఫ్రీ గాలే.
నా పర్సులకెల్లి పద్దెనిమిది రూపాయలు తీసి
డిపో సంచిల ఏసిన.
రాతకు సంబంధించి నా చేతులు మారిన
మొదటి పైసలు అవే.

దేవరకొండల గంపెత్తుకొని దిగుకుంట
నా సీట్ల ఒక కాయ వెట్టిపోయింది.
గట్టిగుంది.
కండ్ల నడుమ సందు
ఇప్పుడిప్పుడే తెల్లవడుతున్నది.

ఇంటికి కొంటవోయి
బియ్యం డబ్బల దాచిన,
సగం రాసిన ఎస్సార్ కాగితంల చుట్టి.