వంక

ఉస్ట్కా రేవులో, ఫైర్ స్టేషన్ పైగదిలో,
గురువారం సాయంత్రాలు మేం తొమ్మిదిమందిమి
బల్లల మీద చిన్నచిన్న లోకాలు పరుచుకుని కూచుంటాం.
కింద ఇంజను కడుగుతున్న నీళ్ల చప్పుడు,
పైన జిగురు వాసన,
కిటికీ అద్దాన్ని గీరే బాల్టిక్ గాలి.

మొదటిసారి నేను తెచ్చింది బస్సు.
ఇక్కడివాళ్లు దోసకాయ అని ముద్దుగా పిలుచుకునే పాతకాలపు బస్సు,
డెబ్భైరెండో వంతు కొలతలో, అరచేతిలో పట్టేంత.
ఏడు నెలల పని.
తుప్పు కోసం నిజం తుప్పునే గీకి, నూరి, అద్దాను.
అందరూ బాగుందన్నారు.
పోస్టాఫీసులో రోజంతా ముద్రలు కొట్టేదాన్ని,
చూడకుండా కొట్టిన ముద్ర చప్పుడు నాకు తెలుసు.

బోగుమిల్ ఒక్కడే ఏమీ అనలేదు.
నలభై ఏళ్లు కట్టుడుపళ్లు చేసినవాడు,
భూతద్దం కంటికి బిగించి
బస్సుని నోరు తెరవమన్నట్టు చూశాడు.
"చెప్పనా, వద్దా?"
చెప్పమన్నాను.
"పైకప్పుకి తుప్పుంది, మెట్టుకి అరుగుదల లేదు.
హాల్ష్కా, నీ బస్సు వానలో నిలబడింది గానీ
దీన్ని ఒక్కరూ ఎక్కలేదు."

ఆ రాత్రి తిట్టుకున్నాను, గట్టిగానే.
పళ్లవాడికి బస్సుల సంగతేం తెలుసని.
మర్నాడు పోస్టాఫీసు గుమ్మంలో ఆగిపోయాను:
రాతిమెట్టు నడుమ పళ్లెంలా గుంట,
ఎన్నెన్ని పాదాలో తాగేసిన రాయి.
ఇంటికెళ్లి గరుకు కాగితం తీశాను.

పన్నెండేళ్ల కయేతన్ విమానం రెక్క మీద
జిగురంటిన వేలిముద్ర చూసి
"పోలీసులు నిన్ను ఇట్టే పట్టేస్తారు" అన్నాడొకసారి.
వాడు పగలబడి నవ్వాడు.
ఇద్దరూ పక్కపక్కన కూచుని కొత్త రెక్క కోశారు.

మొన్న ఫిబ్రవరిలో బోగుమిల్ చేపల పడవ తెచ్చాడు.
అప్పటికే అతని చేతులు వణుకుతున్నాయని
అందరికీ తెలుసు, ఎవరూ ఎరగరు.
స్తంభం నుంచి వెనక కొసకి లాగిన తాడు,
తలవెంట్రుకంత సన్నం,
నడుమ జారి వంక తిరిగింది.
"అద్భుతం" అన్నాడు జెనోన్.
"ఈ వయసులో!" అంది గెనోవెఫా.
ముద్ర. ముద్ర. ముద్ర.
అతను పడవ వంక చూడ్డం లేదు,
మా మొహాల వంక, ఒక్కొక్కరినీ,
తలుపు తట్టి నిలబడ్డవాడిలా చూస్తున్నాడు.

వణికే చేతికి వంక పెట్టడం ఏం మర్యాద?
పెట్టకపోతే
ఇక ఇతని పని అయిపోయిందని
ఎనిమిదిమందిమీ కలిసి సంతకం చేసినట్టే కదా.

"చెప్పనా, వద్దా?" అన్నాను.
తలూపాడు.
"తాడు వేలాడుతోంది.
గాలికి బిగిసిన జెండా పక్కన అది అబద్ధంలా ఉంది."

గెనోవెఫా నా కాలు తొక్కింది.
అతను పడవని పెట్టెలో సర్దుకుని
టోపీ మరిచిపోయి వెళ్లిపోయాడు.
మరుసటి గురువారం రాలేదు. ఆపై గురువారమూ.
కొక్కేనికి టోపీ.
దానికి ఎదురుగా కూచోలేక కుర్చీ మార్చుకున్నాను.

మూడో వారం వచ్చాడు.
తాడు అలాగే ఉంది, అంతే వంక.
"పదకొండుసార్లు కట్టాను. ఈ చేతులకి ఇక అంతే,"
వాతావరణం గురించి చెబుతున్నట్టు అన్నాడు.
జెండా మాత్రం దించేశాడు.
తాడు మీద ఒక చొక్కా ఆరేశాడు,
సిగరెట్ పెట్టె రేకుతో చేసిన గోరంత చొక్కా,
వెలిసిన నీలం, అంచుల్లో ఇంకా తడి.
ఆ తడి బరువుకి తాడు వంగింది.
వంగాల్సినంతే వంగింది.

భూతద్దం అడిగి తీసుకున్నాను.
చాలాసేపు చూశాను.
"ఒక చెయ్యి పొట్టిగా ఉంది" అన్నాను.

బోగుమిల్ నా వంక చూశాడు.
"ఉతికితే కుంచించుకుపోయింది" అన్నాడు,
అంటూనే పట్టకారు కోసం చెయ్యి చాచాడు.