నాలుగో కాపీ

ఉస్మాన్‌గంజ్‌ల మా పార్సిల్ ఆఫీసుకు
కొత్త లాప్‌టాప్ వచ్చిన రోజు
సేటు అగరుబత్తి వెలిగించి
తెర మీద బొట్టు పెట్టబోయిండు.
చేయి పట్టుకొని ఆపిన.

పక్కలకు తిప్పి చూసిన, బోర్లేసి చూసిన.
రెండే సన్నటి చీలికలు,
చీమ కూడ ఆలోచించి దూరాలె.
నా చేతిల ప్రింటర్ వైరు కొస:
ఇరవై అయిదు పిన్నులు, అటొకటి ఇటొకటి మర,
పాత కోమటింటి తాళంగుత్తంత బరువు.
ఎక్కడ పెట్టాలె దీన్ని?

కొత్త ప్రింటర్ కొందాం అన్నడు సేటు అల్లుడు,
సప్పుడు చేయనిది, రంగులది.
రంగులెందుకు మాకు?
మాకు కావాల్సింది దెబ్బ.
తెలుపు ఆఫీసుకు, గులాబి పంపినోళ్లకు,
పసుపు తీసుకునేటోళ్లకు, నీలం డ్రైవరుకు.
పై కాగితాన్ని గుద్దితెనే
అడుగు కాగితానికి ఎరుకైతది.
సిరా చల్లే మిషిన్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలె?

మూడు దినాలు చేతితోని రాసిన.
కార్బన్ పెట్టి, పెన్ను ఒత్తి ఒత్తి
నడిమేలు మీద కాయ కాసింది.
మహబూబాబాద్ ఎంత పొడుగు ఊరో
అప్పుడు తెలిసింది.

సికింద్రాబాద్ సీటీసీల, మెట్ల కింద దుకాణం.
మొయినుద్దీన్ భాయ్ నా వైరు అందుకొని
అద్దాలు నుదుటి మీదికి నెట్టి చూసిండు.
"చిన్నగున్నప్పుడు వీనికి నేనే అన్నం తినిపించిన" అని నవ్విండు.
ఒక కొస సన్నది, ఒక కొస వెడల్పు,
నడుమ అగ్గిపెట్టంత నల్ల డబ్బీ.
నాలుగు వందల యాభై అన్నడు,
మూడు వందల ఎనభైకి తెగింది.
"ఇది దుబాసీ మేడం.
దుబాసీలు ఎప్పుడన్న ఒక మాట మింగుతరు,
జర చూసుకోండి."

పెట్టిన.
ముద్రణ పూర్తయింది, అన్నది తెర.
కాగితం కదలలే.
మళ్ల కొట్టిన. పూర్తయింది.
మళ్ల. పూర్తయింది.
ఇంత మర్యాదగ అబద్ధమాడేటోళ్లను
ఈ బజార్ల ఇరవై ఏండ్లల్ల చూడలే.

డ్రైవరంటే మాకు లారీ తోలేటోడే.
దీనికీ ఒక డ్రైవరు కావాలెనట,
మా మిషిన్ డ్రైవరు ఎన్నడో పని మానేసిండట.
జాబితాల ఇంకో పేరు ఎంచుమన్నడు భాయ్ ఫోన్ల.
మా దాని పేరు కాదది,
దాని చిన్నాయన పేరు.
సరే, చిన్నాయనే అనుకొని ఎంచిన.

కర్ర్‌మన్నది.
మొదట పేకముక్కల గుర్తులు,
ఆసులు, ఆటీన్లు, వంకర గీతలు,
సబ్బుపెట్టెల రశీదు నిండ జూదం.
కాసేపు ఆగింది, ఊపిరి తీసుకున్నట్టు.
తర్వాత
సూర్యాపేట.
సూర్యాపేట.
సూర్యాపేట.
మూడుసార్లు అడిగిన గద,
మూడుసార్లు చెప్పింది.

బయట మూటల మీద కూసున్న ఐలయ్య లేచిండు.
ఐలయ్యకు చదువు రాదు.
సప్పుడు వచ్చు.
పొడుగు కూత ఊరి పేరు,
పొట్టి కూత బస్తాల లెక్క,
ఆఖరికి బుర్రుమని కాగితం ఎగిరిందంటె
బరువెత్తే యాళ్లయినట్టు.
మూడు దినాలు నేను రాస్తుంటె
ఎప్పుడు లేవాలెనో తెల్వక
నా మొకమే చూసుకుంట కూసున్నడు పాపం.
ఇప్పుడు తువ్వాల తలకు చుట్టుకుంట
"అచ్చిందా మేడం, దానికి మాట" అన్నడు.

వచ్చింది గని
నీలం కాపీల సగమే వచ్చింది.
రిబ్బన్ ఎండిపోయింది మూడు దినాలల్ల.
ఆరో ఎనిమిదో తెల్వని పెట్టెల లెక్కను
డ్రైవరు బల్బుకు అడ్డం పట్టి చూసిండు,
ఏమనలే, మడిచి జేబుల పెట్టుకున్నడు.
పెన్ను అందుకొని పిలిచిన.
తెరిచి, ఆ అంకె మీద ఒక్కటే
మళ్ల దిద్ది ఇచ్చిన: ఎనిమిది.

లారీ గల్లీ మలుపు తిరిగినంక చూస్తె
తెర మీద చిన్న అక్షరాలు:
ప్రింటర్ కనబడుత లేదు.
పక్కనే ఉంది, ఇంకా వేడిగ.
మూత దించిన.
రేపు రిబ్బన్ తేవాలె.