అద్దెదారు

హామర్‌ఫెస్ట్‌లో సూర్యుడు సెలవు పెట్టి వెళ్లిన నాలుగో రోజున
కింది గది ఖాళీ చేశాడు రైటిస్.
రెండు నెలల అద్దె బాకీ,
చేపల వాసన వదలని ఒక జత చేతి తొడుగులు,
మూలన ఒక గాజుపెట్టె.
పెట్టెలో ఇసుక. ఇసుక మీద
ఎండిన నిమ్మతొక్క లాంటిదేదో.
ఊడ్చేద్దామని వంగితే
అది కన్ను తెరిచింది.

బల్లి.
గోడ ఎక్కడం రాని బల్లి.
రెప్ప వేసి, రెప్ప తీసి
నన్ను తూకం వేస్తున్న బల్లి.
"మిగతా బల్లులకు రెప్పలుండవు, దీనికుంటాయి"
అంది పక్కింటి సున్నీవ, పదకొండేళ్లది,
ఆ ఊళ్లో నాకు దొరికిన ఏకైక పండితురాలు.

ఆమె వచ్చేలోపే తప్పు చేసేశాను.
పైనుంచి చెయ్యి పెట్టాను, గద్దలా.
తోక నా బొటనవేలి దగ్గర తెగి
నేల మీద ఒంటరిగా గిలగిల్లాడింది.
బల్లి వెనక్కి చూడనైనా లేదు.
నేనే చూస్తూ నిలబడ్డాను
అది ఆగేదాకా.
రోజుకు ఊరెడు మంచును పక్కకు తోసేవాణ్ణి,
ఇంత తోకను పారెయ్యడానికి చెయ్యి రాలేదు.
కాఫీ డబ్బాలో పెట్టి
ఫ్రీజర్‌లో కాడ్ చేపల పక్కన దాచాను.

ఇక చదువు మొదలు.
ఇసుక తీసేసి వంటింటి కాగితం పరిచాను.
పెట్టెకు ఒక కొసన వెచ్చదనం, ఇంకో కొసన చల్లదనం,
దానికి నచ్చిన చోట, నచ్చినంత సేపు.
(ఇంత మర్యాద నా భార్యకెప్పుడైనా చేశానా?
అడుగుదామంటే ఆమె బెర్గెన్‌లో ఉంది.)
ఐస్‌క్రీం డబ్బాలో తడి నాచు కూరి గుమ్మం కోశాను.
కాలివేళ్లకు పాత కుబుసం దారాల్లా బిగుసుకుపోతే
గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టి
దూదిపుల్లతో ఒక్కో వేలూ విప్పాను,
పన్నెండు టన్నుల బండి తిప్పే చేత్తో.
ఒక వేలు దక్కలేదు.

బోడో నుంచి పోస్టులో కీచురాళ్లు వచ్చాయి.
వాటిని కాల్షియం పొడిలో దొర్లించాలి,
వేపుడికి ముందు చేపముక్కల్లా.
అది మూతి తిప్పుకుంది.
మూడు తప్పించుకుని పొయ్యి వెనక చేరి
పగలూ రాత్రీ తేడా లేని చీకట్లో
కచేరీ పెట్టాయి.
చెల్లెలు రాగ్న్‌హిల్డ్ ఫోన్‌లో అడిగింది:
"మీకక్కడ ఎండాకాలం వచ్చిందా ఏమిటి?"

ఉత్తరాల తక్కెడ మీద ముప్పై ఒక్క గ్రాములు.
మళ్లీ ముప్పై ఒకటి.
ముప్పై.

జనవరిలో తుఫాను. కరెంటు పోయింది.
ఆసుపత్రి దారి పూడిపోయింది, రమ్మన్నారు.
నేను వెళ్తే ఇల్లు చల్లారిపోతుంది.
దాన్ని రొట్టెల డబ్బాలో పెట్టి,
డబ్బాను ఉన్ని చొక్కా లోపల కట్టుకుని
మంచుబండి ఎక్కాను.
తెల్లారని తెల్లవారుజామున
రొమ్ము మీద చిన్న గీకుడు.
గుండె అనుకున్నాను.
మాత్ర కోసం జేబు వెతుక్కున్నాను కూడా.
మలుపు దగ్గర నర్సు ఒకామె అద్దం తట్టి
"ఒక్కడివేనా బండిలో?" అంది.
"అద్దెదారు ఉంది" అన్నాను.

ఆ రాత్రి తిన్నది.
ఒకటి, తర్వాత ఇంకొకటి.
తిని, తన కన్ను తనే నాకి శుభ్రం చేసుకుంది.
పేపరు చదువుతున్నట్టు నటిస్తూ
అంతా చూశాను.

సూర్యుడు కొండ అంచున తిరిగి కనిపించిన రోజు
బడిపిల్లలు మెట్ల మీద కూర్చుని బన్నులు తిన్నారు.
దాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి చూపించాను.
పట్టించుకోలేదు.
దాని సూర్యుడు కాగితం కింద ఉన్నాడు,
బిల్లు నాకొస్తుంది.

ఏప్రిల్‌కి నలభై నాలుగు గ్రాములు.
కొత్త తోక వచ్చింది, మచ్చలు సరిగా లేవు,
పొట్టి ముల్లంగిలా ఉంది, దానికేం సిగ్గు లేదు.
పాతది ఇంకా కాఫీ డబ్బాలోనే.
నేల కరిగాక పాతిపెట్టాలా అని
సున్నీవను అడిగాను.
ఆలోచించి చెప్తానంది.