శివారుకి నీళ్లు

కాకినాడ ఆసుపత్రి అడుగంతస్తులో
ఆ పిల్ల నా మెడ బొమ్మని తెరమీద పరిచి
చెవుల కింద రెండు మచ్చలు చూపించింది.
"ఉమ్మి ఊరేది వీటిల్లోంచే బాబాయిగారూ.
కుడిది కాపాడలేను. ఎడమది సగం కాపాడతాను."
పేరు హబీబున్నీసా. తాళ్ళరేవు వాళ్లట.
నాకవి మచ్చల్లా కనపడలేదండి,
తూము తలుపుల్లా కనపడ్డాయి.

అమలాపురం కాలువ మీద
ముప్పై నాలుగేళ్లు లస్కరుని నేను.
పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి
గేజి చూసి రిజిస్టర్లో ఎక్కించడం.
భద్రాచలంలో నలభై మూడడుగులంటే
మా లంకల్లో గొడ్లు ఏ జాముకి గట్టెక్కాలో
వేళ్ల మీద లెక్కేసి చెప్పేవాణ్ణి.
వరద నా మాట విని ఆగిందని కాదు.
గొడ్లు గట్టెక్కేవి. అంతే.

ఆ పిల్లా అలాగే చెప్పుకుంటూ పోయింది.
మూడో వారానికి నోరు పూస్తుంది,
మజ్జిగ కూడా నిప్పై తగులుతుంది.
ఆ వెనకే రుచి పోతుంది.
ఉమ్మి జిగురై తీగలు సాగి, తర్వాత ఎండుతుంది.
ఏడాది తిరిగినా ఎండే ఉండటానికి
నూటికి అరవై రెండు.
"ఎలా తెలుసమ్మా?" అన్నాను.
"మీకు ముందు ఈ బల్ల మీద పడుకున్న నోళ్లు చెప్పాయి" అంది.
ఎంత కిరణానికి ఎవరి నోరెంత ఎండిందో
అంతా రాసి పెట్టుకున్నారట.
వాళ్లదీ గేజి రిజిస్టరే.

నూరెకరాల్లో ముప్పై ఎనిమిది తడుస్తాయన్నమాట.
కానీ నాది ఒక్కటే ఎకరం కదమ్మా,
అది తడుస్తుందా, తడవదా?
చాలాసేపు తెరనే చూసింది.
"అది మాత్రం నాకు తెలీదు" అంది.
అప్పుడు నమ్మానండి ఆ పిల్లని.
శివారు రైతు గొడవకొచ్చినప్పుడు
ఏ ఇంజనీరూ ఆ మాట అనగా నేను వినలేదు.

వేసవిలో కాలువ కట్టేశాకే
పూడిక తీస్తాం, తలుపులకి గ్రీజు పెడతాం.
నీళ్లొదిలాక చెయ్యడానికేం ఉండదు.
అందుకే ముందు పళ్ల డాక్టరు దగ్గరికి పంపారు.
కిరణం తగిలాక దవడెముక తొందరగా మానదట.
చుట్ట పెట్టుకునే పక్కవి నాలుగు, ఒక్క పూటలో పీకేశారు.
అందులో ఒకటి రాయిలా ఉండేది. దానికేం పాపం.

ఆ వారం సీతారత్నం ఏవేవో వండింది.
పనసపొట్టు కూర, చింతచిగురేసి రొయ్యలు.
నమలలేక, నాలుక మీదే పెట్టుకు కూర్చున్నాను.
"ఎలా ఉంది?" అంటే
"ఉండవే, రాసుకుంటున్నాను" అన్నాను.

మొహానికి ముసుగు బిగించి, బల్లకి కట్టి
ముప్పై మూడు రోజులు.
మూడో వారం అంది; పదో రోజుకే పూసింది.
రుచి సంగతి మాత్రం చెప్పింది చెప్పినట్టే.
దవడ పట్టేయడానికి నూటికి ఎనిమిదే అంది.
ఆ ఎనిమిదిలో నేనున్నాను.
ఎవరో ఒకరు ఉండాలి కదండీ!
ఐస్‌క్రీం పుల్లలు దొంతిగా పేర్చి పళ్ల మధ్య దూర్చుకోవడం:
మొదట్లో ఇరవై ఒకటి పట్టేవి.
పదకొండుకి దిగాయి.

కాలువలు వదిలాక ఓ పొద్దున
గంజిలో ఉప్పు తెలిసింది.
కాలువ అడుగంటిన ఏడు సముద్రం ఎదురెక్కి
ఓడలరేవు పక్క చేలన్నీ తెల్లబడిపోయేవి.
ఉప్పొచ్చిందంటే మాకు చావు కబురే.
ఆ రోజు మాత్రం వీధి వినేలా
సీతారత్నాన్ని కేకేశాను.
కేకంటే, పదకొండు పుల్లలంత.

పాత రిజిస్టర్లో ఖాళీ పేజీలు మిగిలాయి.
నెలాఖరుకి కాకినాడ పట్టుకెళ్తాను.
నా వెనక ఆ బల్లెక్కేవాడికి
నా ఎకరం లెక్క కూడా కలవాలి.

ఉదయం ఆరు: ఉప్పు ఉంది. తీపి లేదు. పుల్లలు పన్నెండు.
సాయంత్రం ఆరు: ఎడమ బుగ్గలో తడి.
ఊరిందో, తాగిన నీళ్లో
తేల్చుకోలేదు.