ఎంత

జెనీవాలో రైలుపట్టాల పక్కన
కిటికీల్లేని గిడ్డంగి ఒకటి.
రోజూ సాయంత్రం, ఆదివారాలు కూడా,
ఆన్సెల్మ్ రోషా అక్కడికి వెళ్లి
ఎవరివో తెలియని గడియారాలకు కీ ఇచ్చి వస్తాడు.

నూనె గడ్డకట్టకూడదు,
పళ్లచక్రాలు నడక మరిచిపోకూడదు.
టైము సరిగ్గా ఉండాలని ఒప్పందంలో లేదు.
అది ఆయన చాదస్తం.

గేటు దగ్గర ఫోను తీసుకుంటారు, చేతివాచీ కూడా.
అక్కడి గోడగడియారం చూసి
ఆ నిమిషాన్ని నోట్లో నీళ్లలా పట్టుకుని
నూట తొంభై అడుగులు లెక్కపెడుతూ లోపలికి నడుస్తాడు.
దారిలో ఎవరైనా బోన్‌స్వార్ అంటే
తలూపుతాడు, నోరు విప్పడు.

లోపల ఎప్పుడూ పద్దెనిమిది డిగ్రీలే,
బయట బీజ్ గాలి చెవులు కోసేస్తున్నా.
ఎడంవైపు గదిలో ఒక్క కిలోమీటరూ తిరగని కారు
టైర్లకి మేజోళ్లు తొడుక్కుని.
గోడవైపు మొహం పెట్టి నిలబడ్డ చిత్రాలు,
బడిలో శిక్షపడ్డ పిల్లల్లా.
ఒక వయొలిన్ కూడా ఉందంటారు.
పదకొండేళ్లలో ఆయన వినలేదు.

ఇరవై ఏడో సొరుగు.
అరచేతిలో పట్టే గడియారం.
ఏ నెలకి ముప్ఫై రోజులో, ఏ నెలకి ముప్ఫై ఒకటో దానికి తెలుసు.
లీపు సంవత్సరం తెలుసు.
నీలి ఎనామిల్ ఆకాశంలో గోరంత చంద్రుడు
పౌర్ణమి నాటికి సరిగ్గా నిండుతాడు,
సొరుగు చీకట్లోనే.

ఆయన వచ్చాక అది మూడు చేతులు మారింది.
చేతులనడం మాటవరసకి.
ముగ్గురు కొన్నారు, ఇద్దరు అమ్మారు,
సొరుగు మీద చీటీ మారింది.
గడియారం అంగుళం కదల్లేదు.

మెల్లగా మర తిప్పుతాడు.
జూ లోయలో, మంచు తలుపుల్ని మూసేసిన చలికాలాల్లో
కిటికీ దగ్గర భూతద్దం పెట్టుకుని అమ్మమ్మ నేర్పింది:
చివరి మెలిక వదిలెయ్యి,
చివరి ముద్ద బలవంతంగా పెడితే ఏ పొట్టకీ అరగదు.

ఆ బుధవారం మర మీద వేలుండగానే
తలుపు దగ్గర తుడిచే బండి ఆగింది.
అబ్రెహెత్. అస్మారా నుంచి వచ్చి తొమ్మిదేళ్లు,
ఈ నడవాలు తుడవబట్టి నాలుగు.
ఎప్పుడూ పలకరించని మనిషి
"ఎంత?" అంది.

ఆ మాట ఆయనకి అలవాటే.
కస్టమ్స్ వాళ్లు అడుగుతారు, బీమా కుర్రాళ్లు అడుగుతారు,
బల్బు మార్చడానికొచ్చినవాడూ అడిగాడు.
"తొంభై లక్షల ఫ్రాంకులు," అన్నాడు తలెత్తకుండానే.
"వేలానికి పెడితే ఇంకో పది."

కాసేపు చప్పుడు లేదు.
"వెల కాదయ్యా, వేళ.
పాప క్రెష్‌లో ఉంది. ఆరింటికి మూసేస్తారు.
పది నిమిషాలు దాటితే పదిహేను ఫ్రాంకులు."

చూసి చెప్పచ్చు. ముళ్లు ముక్కు కిందే ఉన్నాయి.
కానీ వేలు దానంతటదే
పక్కనున్న సన్నటి మీటని
కిందికి జరిపేసింది.

ముందు లావు గొంతుతో ఐదు.
తర్వాత జంటలు జంటలుగా రెండు.
ఆఖరున సన్నగా, చెంచా గ్లాసుకి తగిలినట్టు,
ఒకటి, రెండు... ఎనిమిది.

కారు విన్నది. గోడవైపు తిరిగిన మొహాలు విన్నాయి.
అబ్రెహెత్ పెదాలతో లెక్కపెట్టి
జంటల దగ్గర తడబడి ఆయన వైపు చూసింది.
"పావుగంటలవి," అన్నాడు. "ఐదూ ముప్ఫై ఎనిమిది."
బండి అక్కడే వదిలేసి
ఆమె పరుగెత్తింది.
తడినేల మీద చెప్పుల గుర్తులు
కొంచెంసేపు ఉండి ఆరిపోయాయి.

రిజిస్టరులో నాలుగు గళ్లు.
తేదీ. మెలికలు.
మోగించారా? పదకొండేళ్లుగా ఆ గడిలో
ఆయన చేతిరాతే, వరసగా, లేదు, లేదు, లేదు.
ఈసారి అవును అని రాసి
కారణం అన్న గడి దగ్గర
కలం కాసేపు ఆగింది.

అడిగారు,
అని రాశాడు.